హీట్ పంపుకు సబ్సిడీ వస్తుందా? మీటరు నాన్నగారి పేరున ఉంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉంటున్నారు. వాళ్లు ఇంటికి హీట్ పంపు పెట్టించుకుంటే అక్కడి ప్రభుత్వం ఏడున్నర వేల పౌండ్లు ఇచ్చిందట. మా అమ్మగారికి ఎనభై దాటాయి, ఏ కాలంలోనైనా వేన్నీళ్లే కావాలి. ఇక్కడ కూడా హీట్ పంపు గీజరుకు 40 శాతం సబ్సిడీ వస్తుందని, ముందుగా 10,000 రూపాయలు కడితే కాగితాలన్నీ తామే చూసుకుంటామని ఒక ఏజెంటు వచ్చి చెప్పి వెళ్లాడు. నిజమేనా? డబ్బు అమ్మాయి పంపుతానంటోంది, సబ్సిడీ ఆమె పేరున వస్తుందా? కరెంటు మీటరు ఇప్పటికీ కాలం చేసిన మా నాన్నగారి పేరునే ఉంది. మామూలు నెలల్లో 220 యూనిట్లు, ఎండాకాలంలో ఏసీ వల్ల 350 యూనిట్ల దాకా కాలుతుంది. మాది డాబా ఇల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు.

సమాధానం: మాస్టారూ, ముందుగా ఆ 10,000 రూపాయలు కట్టకండి. ఇంట్లో పెట్టుకునే హీట్ పంపుకు, అంటే గాలిలోని వేడిని లాగి నీటికో ఇంటికో అందించే యంత్రానికి, మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లేదు. ఏజెంటు చెప్పిన 40 శాతం ఎక్కడి లెక్కో మాత్రం ఊహించవచ్చు. 2019లో కేంద్రం ఆమోదించిన రూఫ్‌టాప్ సోలార్ రెండో దశ పథకంలో 3 కిలోవాట్ల వరకు 40 శాతం, ఆపైన 10 కిలోవాట్ల వరకు 20 శాతం సాయం ఉండేది. అది ఇంటి కప్పు మీది సోలార్ పలకలకు ఇచ్చినదే కాని గీజరుకు కాదు, పైగా ఆ పద్ధతి కూడా ఇప్పుడు మారిపోయింది. పాత పథకం శాతాన్ని కొత్త వస్తువుకు అతికించి అడ్వాన్సు అడిగేవారు డెల్టా పల్లెల్లో ఈమధ్య ఎక్కువగానే తిరుగుతున్నారు. వచ్చినవారు మళ్లీ వస్తే పథకం పేరు, ఉత్తర్వు నంబరు, అది ఇచ్చిన శాఖ పేరు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. అలా రాసి ఇవ్వలేని సబ్సిడీని నమ్మి డబ్బు చేతికి ఇవ్వకూడదు.

మీ అమ్మాయి చెప్పిన మాట మాత్రం నిజమే. ఇంగ్లండు, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ అనే పథకం కింద, గాలి నుంచి వేడిని తీసుకునే హీట్ పంపుకు 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్లు ఇస్తున్నారు. అయితే అక్కడ ఇంటి యజమాని దరఖాస్తు పెట్టుకుని డబ్బు కోసం ఎదురు చూడడు. గుర్తింపు పొందిన ఇన్‌స్టాలరే ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థకు దరఖాస్తు చేసి, ఆ మొత్తాన్ని బిల్లులోనే తగ్గించి మిగిలినది తీసుకుంటాడు. అమెరికాలో పిల్లలున్న పాఠకులు కూడా ఇదే విషయం అడుగుతుంటారు కనుక వారికోసం ఒక మాట చెబుతాను. అక్కడ హీట్ పంపు ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్ల వరకు ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. అది చేతికి వచ్చే నగదు కాదు, కట్టవలసిన పన్నులో తగ్గింపు మాత్రమే. మన దగ్గరి పద్ధతి ఈ రెండింటికీ భిన్నం. ముందు మనం పూర్తిగా ఖర్చు పెట్టుకోవాలి, పని పూర్తయి ప్రభుత్వం తనిఖీ చేశాక డబ్బు మన ఖాతాలో పడుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో మీకే అర్థమవుతుంది.

సబ్సిడీ సంగతి అటుంచి, హీట్ పంపు మీ ఇంటికి అవసరమా అన్నది చూద్దాం. మీ అమ్మాయి ఇంట్లో అది స్నానానికి మాత్రమే కాదు, ఏడాదిలో చాలా నెలలు ఇల్లంతటినీ వెచ్చగా ఉంచడానికి పనిచేస్తుంది. మన దగ్గర ఇంటిని చల్లబరచుకోవడమే సమస్య, అందుకు మనం వాడే ఏసీ కూడా నిజానికి హీట్ పంపే, లోపలి వేడిని బయటికి తోస్తుంది. మనకు మిగిలేది వేన్నీళ్ల అవసరం ఒక్కటే.

అమ్మగారి స్నానానికి 40 లీటర్ల నీటిని 26 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వేడి చేయాలంటే ముప్పావు యూనిట్ కరెంటు చాలు. ధనుర్మాసంలో ఇంట్లో ముగ్గురూ వేన్నీళ్లు పోసుకున్నారనుకున్నా, తొట్టెలోనూ గొట్టాలలోనూ పోయే వేడితో కలిపి మూడు యూనిట్లు దాటదు. హీట్ పంపు అదే పనిని సుమారు మూడో వంతు కరెంటుతో చేస్తుందన్నది నిజమే. అంటే చలికాలం నాలుగు నెలలు రోజుకు రెండు యూనిట్లు, మిగిలిన ఎనిమిది నెలలు రోజుకు అర యూనిట్ చొప్పున ఆదా అవుతుంది. ఏడాది మొత్తానికి అది 360 యూనిట్లు. ప్రతి యూనిట్‌నూ 8.75 రూపాయల ఎగువ స్లాబు ధరకే లెక్కగట్టినా 3,150 రూపాయలు మించదు. ఇంటికి సరిపడే హీట్ పంపు ధర లక్షకు అటూ ఇటూగా మొదలవుతుంది కనుక, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది. యంత్రం అంతకాలం ఉండదు. పైగా సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి తొట్టె లోపల పొలుసు కట్టి, తుప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది. దిండిలోని రిసార్టులకో, అంతర్వేది వచ్చే యాత్రికుల సత్రాలకో, పడకలు నిండుగా ఉండే ఆసుపత్రికో అయితే నేనే హీట్ పంపు పెట్టించుకోమని చెబుతాను. మీ ఇంటికి మాత్రం ఐదు స్టార్ల గుర్తు ఉన్న 15 లేదా 25 లీటర్ల మామూలు గీజరు సరిపోతుంది. సోలార్ వాటర్ హీటరుకు ఒకప్పుడు కేంద్రం సాయం చేసేది, ఇప్పుడు అదీ లేదు కాబట్టి ఆ పేరుతో ఎవరు సబ్సిడీ చూపించినా ఇదే జాగ్రత్త పాటించండి.

ప్రభుత్వ సాయం నిజంగా ఉన్నది మీ డాబా మీదికి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద సోలార్ పలకలకు 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు గాని అంతకు మించి గాని పెట్టుకుంటే 78,000 రూపాయలు ఇస్తారు. 5 కిలోవాట్లు పెట్టినా అదే 78,000. మూడో కిలోవాట్‌కు వచ్చేది 18,000 మాత్రమేనన్నది ఇక్కడ గమనించాలి. రాష్ట్ర ప్రభుత్వం దీనికి అదనంగా బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు 20,000 రూపాయలు ఇస్తామని, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు ఉచితంగా అమరుస్తామని ప్రకటించింది. మీకు వర్తిస్తే కులధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకుని, ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధనను మీ విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో అడగండి.

మీ వాడకానికి 2 కిలోవాట్లు చాలునని నా అభిప్రాయం. నీడ లేని కప్పు మీద ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది కనుక, నెలకు 240 యూనిట్లు వస్తాయి. 2022 ఆగస్టు నుంచి అమలైన గృహ టారిఫ్ స్లాబుల ప్రకారం 220 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 987 రూపాయలైతే, 350 యూనిట్లకు 2,111 అవుతుంది. చివరి 130 యూనిట్లకే మీరు మొదటి 220 కన్నా ఎక్కువ కడుతున్నారన్నమాట. సోలార్ కోసేది ముందుగా ఈ పై భాగాన్నే. మామూలు నెలల్లో మిగిలిన యూనిట్లు గ్రిడ్డుకు వెళ్లి నెట్ మీటరులో జమ పడతాయి. అమ్మగారి గీజరు పగటి పూట వేసుకుంటే ఆ ముప్పావు యూనిట్ కప్పు మీది నుంచే వస్తుంది. రెండో ఏసీ పెట్టే ఆలోచన ఉంటేనే మూడో కిలోవాట్ గురించి ఆలోచించండి. బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని చెప్పేవారి మాట నమ్మవద్దు, స్థిర ఛార్జీలు ఎటూ ఉంటాయి.

ఇక మీటరు విషయం. డెల్టా ఊళ్లలో దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇల్లు తాతగారు కట్టించినది, మీటరు ఆయన పేరునో నాన్నగారి పేరునో ఉంటుంది, బిల్లు ఎవరు కట్టినా లైన్‌మన్ అడగడు కనుక దశాబ్దాలు గడిచినా ఎవరూ మార్పించుకోరు. పంపకాలు నోటిమాటగా జరిగిన ఇళ్లలో అయితే ఇంటి పన్ను రసీదు ఒకరి పేరున, మీటరు మరొకరి పేరున, కాపురం మూడో వారిది. సూర్యఘర్‌లో దరఖాస్తు మొదలయ్యేదే విద్యుత్ సర్వీసు నంబరుతో. ఆ సర్వీసు ఎవరి పేరున ఉందో వారే దరఖాస్తుదారు, వారి బ్యాంకు ఖాతాకే సబ్సిడీ. కాలం చేసినవారి పేరున పెట్టి, తరువాత చూసుకుందాం అని కొందరు వెండర్లు, అంటే పలకలు అమ్మి బిగించేవారు, పని మొదలుపెడతారు. అలాంటప్పుడు పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, కరెంటు కూడా తయారవుతున్న తరువాత, సబ్సిడీ దగ్గర మాత్రం ఖాతా పేరు సరిపోలక ఆగిపోతుంది. అప్పటికి మీ డబ్బు మొత్తం వెళ్లిపోయి ఉంటుంది.

కాబట్టి సోలార్ గురించి ఎవరితోనైనా మాట్లాడే ముందే సర్వీసు పేరు మార్పించండి. మీది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఈపీడీసీఎల్ పరిధి. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, తహశీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు లేదా దస్తావేజు నకలు, మీ ఆధార్, ఇప్పటివరకు బకాయి లేదని చూపే తాజా బిల్లు దగ్గర పెట్టుకుని సచివాలయంలోగాని మీసేవలోగాని దరఖాస్తు ఇవ్వండి. తోబుట్టువులుంటే వారి నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వక అంగీకారం తీసుకోండి. అడిగినా అడగకపోయినా అది ఉండటం మంచిది.

ఎవరి పేరున మార్పించాలన్నది మరో ప్రశ్న. చాలామంది గౌరవం కొద్దీ అమ్మగారి పేరున పెడదామంటారు. నేను మాత్రం మీ పేరునే మంచిదంటాను. పోర్టల్‌లో ప్రతి మెట్టుకూ ఫోనుకు ఓటీపీ వస్తుంది, బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై చలామణీలో ఉండాలి, పలకల వారంటీ పాతికేళ్లది. ఎనభై దాటిన పెద్దావిడను ఈ తిప్పలలోకి దించడమెందుకు? పేరు మార్చేటప్పుడే కొత్త బిల్లులో మీ పేరు ఆధార్‌లోనూ పాస్‌బుక్కులోనూ ఉన్న అక్షరాలతోనే వచ్చేలా చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ముందే సవరించుకోవాలి. కనెక్షను గృహ కేటగిరీలో ఉందో లేదో కూడా ఈ సందర్భంలోనే చూడండి. ఇంటి ముందు గదిలో ఒకప్పుడు కొట్టు నడిపిన ఇళ్లలో ఇప్పటికీ వాణిజ్య కేటగిరీ కొనసాగుతుండటం నేను చూశాను, ఈ సబ్సిడీ గృహ కనెక్షన్లకే.

తరువాతి అడ్డంకి మీ కొబ్బరి చెట్లు. కాగితాల సమస్య ఒకసారి తీరితే తీరిపోతుంది కాని, నీడ ప్రతి రోజూ వస్తుంది. 2 కిలోవాట్లకు సుమారు 200 చదరపు అడుగుల నీడ లేని జాగా కావాలి. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అక్కడ నీడ పడకూడదు, ముఖ్యంగా డిసెంబరులో. మన అక్షాంశంలో డిసెంబరు చివర నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డాబా కన్నా 30 అడుగులు ఎత్తుకు పెరిగిన చెట్టు దక్షిణం వైపు ఉంటే ఆ వేళకు సుమారు 25 అడుగుల నీడ ఉత్తరానికి పరుచుకుంటుంది, పొద్దున్న, సాయంత్రం అంతకన్నా పొడవుగా. పలకలు ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఒక మట్ట నీడ ఒక పలక మీద పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. ఉత్తరం వైపు చెట్ల వల్ల ఈ నష్టం తక్కువ. అందుకని వెండరు వచ్చే ముందే ఎండ ఉన్న ఒక రోజు తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు డాబా ఎక్కి సుద్దముక్కతో నీడ అంచులు గీసి పెట్టుకోండి. చలికాలంలో గీస్తేనే ఆ గీతకు విలువ, వేసవిలో చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాపు బాగున్న చెట్టును సబ్సిడీ కోసం కొట్టించమని నేను చెప్పను. కప్పులో ఎండ తగిలే వైపు జాగా 1 కిలోవాట్‌కే ఉంటే 1 కిలోవాటే పెట్టండి, 30,000 దానికీ వస్తుంది. డాబా మీదికి వంగిన చెట్ల కాయలు, మట్టలు పలకల మీద రాలకుండా దింపు క్రమం తప్పకుండా చేయించాలి, కాయ పడి పగిలిన అద్దానికి వారంటీ వర్తించదు.

ఈ రెండూ కుదిరాక దరఖాస్తు సులువే. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, పంపిణీ సంస్థ, సర్వీసు నంబరు ఇచ్చి మీ ఫోను నంబరుతో నమోదు కావాలి. నమోదుకు ఏజెంటు అక్కరలేదు. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అవసరం లేదని 2024లో కేంద్రం నిబంధనలు సవరించింది కనుక, ‘ఫీజిబిలిటీ తెప్పిస్తాను’ అని ఎవరైనా విడిగా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. పోర్టల్‌లో నమోదైన వెండర్లలో ఒకరినే ఎంచుకోవాలి, బయటివారితో చేయించుకుంటే సబ్సిడీ రాదు. దరఖాస్తుకు ముందే పలకలు బిగించేసి తరువాత కాగితం పెట్టడం కూడా కుదరదు.

వెండరు ఇచ్చే కొటేషనులో ఒక మాట తప్పక వెతకండి: డీసీఆర్ మాడ్యూళ్లు. అంటే సెల్ నుంచి పలక దాకా దేశంలో తయారైనవి. ఇవి కాస్త ఖరీదు, అందుకే తక్కువ ధర చూపించేవారు వీటికి బదులు వేరేవి పెడతారు. డీసీఆర్ కాని పలకలకు ఈ పథకంలో ఒక్క రూపాయి రాదు. సరుకు వచ్చిన రోజున ప్రతి పలక వెనక ఉన్న క్రమసంఖ్యను ఫోనులో ఫోటో తీసి, బిల్లులోని సంఖ్యలతో సరిచూసుకున్నాకే పైకెక్కించనివ్వండి. వెండరు ఐదేళ్లు నిర్వహణ చూడాలన్నది పథకం షరతు. ఒప్పంద పత్రంలో అది ఉందో లేదో చదవండి. సబ్సిడీ పోగా మిగిలినదే ఇవ్వండని వెండరు అంటే మంచిదే కాని, మొత్తం తీసుకుని ‘సబ్సిడీ మా ఖాతాకు వేయించండి’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. చేతిలో డబ్బు చాలకపోతే 3 కిలోవాట్ల లోపు వ్యవస్థకు ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి రుణం ఇస్తున్నాయి.

మీ ఊరికి సముద్రం దూరం కాదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. పలకలు నిలబెట్టే చట్రం వేడి జింకు పూత పూసినదై, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలని కొటేషనులోనే రాయించండి. కాళ్లను కప్పులో కాంక్రీటు దిమ్మెలతో బిగించాలి. గ్రిడ్డులో కరెంటు పోతే ఈ పద్ధతిలో సోలార్ కూడా ఆగిపోతుందని తెలుసుకోండి, లైన్‌మన్ల భద్రత కోసం, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు తానే ఆగుతుంది. తుపాను రాత్రికి ఇది పనికివస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

బిగింపు పూర్తయ్యాక వెండరు వివరాలు ఎక్కిస్తాడు, ఈపీడీసీఎల్ వారు పరిశీలించి నెట్ మీటరు పెట్టి, వ్యవస్థ పని మొదలుపెట్టిందని తెలిపే కమిషనింగ్ నివేదిక ఇస్తారు. అది పోర్టల్‌లో కనిపించిన తరువాత మీరు మళ్లీ లాగిన్ అయి, బ్యాంకు వివరాలు, కొట్టివేసిన చెక్కు పెట్టి సబ్సిడీ అడగాలి. ఈ చివరి మెట్టు వెండరు పని అనుకుని చాలామంది వదిలేసి, డబ్బు రాలేదని నెలల తరబడి ఎదురు చూస్తుంటారు. అడిగిన తరువాత 30 రోజుల్లో జమ చేస్తామని పథకం చెబుతుంది.

అమ్మాయి డబ్బు పంపడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే అది ముందు మీ ఖాతాకు వచ్చి, అక్కడినుంచి వెండరుకు బ్యాంకు ద్వారానే వెళ్లడం మంచిది. బిల్లు మీ పేరున ఉంటుంది కనుక చెల్లింపు కూడా మీ ఖాతా నుంచే కనబడాలి. సబ్సిడీ మాత్రం ఆమె పేరున రాదు, సర్వీసు ఎవరి పేరున ఉంటే వారికే. వచ్చాక ఆమెకు తిరిగి ఇవ్వాలా, అమ్మగారి పేరున డిపాజిట్ వేయాలా అన్నది మీ ఇంటి విషయం. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు ఇప్పుడే నాలుగైదు తీయించి ఉంచుకోండి, పేరు మార్పుకూ తరువాత బ్యాంకుకూ కావలసి వస్తాయి.